పోయిన ఏటి జాబితా

భూపాలపల్లిలో మా విత్తనాల దుకాణంలో గల్లా పైన ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. "ప్యాకెట్ మీద గడువు తేదీ చూసుకొని కొనండి" అని ఎర్ర రంగుతో నేనే రాసి కట్టాను. పదమూడేళ్లుగా మొగుళ్లపల్లి వైపు నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చే రైతులకు అదే మాట నోటితో కూడా చెబుతూ వస్తున్నాను. పోయిన ఏటి గింజ అరచేతిలో పోసుకుంటే కొత్తదానిలాగే ఉంటుంది. భూమిలో వేశాకే తెలుస్తుంది మొలవదని. అప్పటికి అదును దాటిపోతుంది. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితి తొట్టిలో పడ్డట్టు అంటారు. బల్లి ఒక్కటే పడి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

నా భార్యది జనగామ. పెళ్లయ్యాక ఇక్కడి బొగ్గు గనిలో మట్టి తీసే పని చేయించే ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసులో చేరింది. ఆమె పని సర్టిఫికెట్లు చూడడం. కొత్తగా చేరే డ్రైవర్లు, ఆపరేటర్లు, సూపర్‌వైజర్లు తెచ్చిన కాగితాలు అసలువో కావో తేల్చడానికి బోర్డులకూ యూనివర్సిటీలకూ ఉత్తరాలు రాస్తుంది. జవాబులు వచ్చాక ఫైలులో పెడుతుంది. దొంగ సర్టిఫికెట్‌ను వెలుతురుకు పెట్టి చూసి, ఈ ముద్ర ఇట్ల ఉండదు అని పక్కన పడేసేది. అలా ఏడేళ్లు చేసింది. ఇంటికి వచ్చి ఆ కథలు చెబుతుంటే నేను పోలీసు పెళ్లాం దొరికిందని ఆటపట్టించేవాణ్ణి.

ఒకనాడు ఆఫీసులో ఆమె మేనేజరు పిలిచి చెప్పాడు. రెండేళ్ల తర్వాత గని కాంట్రాక్టు కొత్తగా రాసుకుంటారు. అప్పుడు ఆమె విభాగంలో ఒక్క అసిస్టెంట్ మేనేజర్ పోస్టే మిగులుతుంది. దానికి గుర్తింపు ఉన్న ఎంబీఏ కావాలి. ఉంటే ఆ కుర్చీ ఆమెదే, లేకపోతే ఉన్న ఉద్యోగం కూడా ఉండదు. ఒకవేళ ఆలోగా చదువు పూర్తికాకపోయినా, సగం అయి ఉంటే ఆగుతామని కూడా మాట ఇచ్చాడు. మంచివాడే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, నేను కావాలని మరిచిపోయిన మాట అదే.

ఉద్యోగం చేస్తూ కాలేజీకి పోవడం కుదరదు కాబట్టి ఆన్‌లైన్‌లో చదవాలనుకున్నాం. ఆమె ఒక నోటుబుక్కులో గళ్లు గీసి మూడు యూనివర్సిటీల పేర్లు రాసింది. మొదటిది రెండున్నర లక్షల పైమాట. ఆదివారం ఆదివారం పాఠం చెప్పేవాళ్లు ఎదురుగా తెర మీద కూర్చుంటారు, ప్రశ్న అడిగితే అప్పుడే జవాబు చెబుతారు, పరీక్ష రాస్తుంటే కెమెరాలో చూస్తూ ఉంటారు. రెండోది లక్షన్నర దాకా. మూడోది అరవై వేలు. మూడోదాని గళ్లలో చాలా చోట్ల ఆమె ప్రశ్న గుర్తు పెట్టింది. నా కళ్లు మాత్రం అరవై వేల దగ్గరే ఆగాయి. నేను మహబూబాబాద్‌లో మిర్చి కమీషన్ దుకాణం నడిపిన మనిషి కొడుకును. ధర వినగానే సగానికి అడగడం మా ఇంట్లో పాలతో పాటు పట్టిన అలవాటు.

ఆమెకు మొదటిదాని మీద మనసుంది. నేరుగా అనలేదు. జనగామలో తనకు డిగ్రీలో పాఠం చెప్పిన సారును ఒకసారి అడుగుదాం అంది. సారు రిటైరై ఇంటి ముందు గదిలోనే పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. నోటుబుక్కు ముందు పెడితే ఫీజుల గడిని చేత్తో మూసి మిగతావి చదివాడు. అది నాకు నచ్చలేదు.

"ఫీజు సంగతి తర్వాత బిడ్డా," అన్నాడు ఆమెతో. "గీ యేటి అనుమతి ఉన్నదా, అడిగితే జవాబు చెప్పేటోడు ఉన్నడా, పరీక్షకు కావలి ఉన్నదా, గీ మూడు చూడు. వాళ్లు పంపిన కాగితం చూసుడు గాదు, అనుమతులిచ్చే ఢిల్లీ వాళ్ల వెబ్‌సైట్ల మీరే తెరిచి చూడుండ్రి."

మూడూ చాలా మంచి మాటలని ఒప్పుకొని, చాయ్ తాగి వచ్చాం. చూసే పని నేను తీసుకున్నాను. ఆఫీసులో పొద్దంతా కాగితాలే చూస్తావు, ఇదొక్కటి నాకు వదిలెయ్ అన్నాను. ప్రేమగానే అన్నాను, అందులో అబద్ధం లేదు.

జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో మా బాపు దగ్గరికి పోతుంటే రెండు ఫోన్లు వచ్చాయి. ముందుగా ఖరీదైన యూనివర్సిటీ నుంచి. ఎవరో సన్నని గొంతుతో, సగం ఇంగ్లీషు కలిపిన తెలుగులో మాట్లాడాడు. ఫీజు జర తగ్గదా, గిట్ల ఒక్కసారే కట్టుమంటే ఎట్ల అన్నాను. సారీ సర్, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అర్థం కాలేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటర్ చదివేటప్పుడు కోస్తాలో హాస్టల్లో ఉన్నాను. నేను గిది, గది అన్నప్పుడల్లా గది నిండా నవ్వేవాళ్లు. రెండేళ్లు నోరు కట్టుకొని పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాను. రైలు చప్పుడుకు వినపడలేదేమో పాపం అతనికి. నాకు మాత్రం ఆ హాస్టలు గది గుర్తొచ్చి ఫోన్ పెట్టేశాను.

కాజీపేట దాటాక రెండో ఫోన్. అరవై వేల యూనివర్సిటీ నుంచి ఒక ఆడపిల్ల గొంతు. నేను హలో అనగానే మాది ఏ ఊరో అడిగింది, మహబూబాబాద్ అంటే సంబరపడింది.

"అన్నా, మాది దంతాలపల్లి దగ్గర్నే. నేను మీ చెల్లె లెక్క చెప్తున్న. గన్ని పైసలు పెట్టి ఏం జేస్తరన్నా? రేపు పట్టా మీద ఫీజు ఎంతని రాస్తరా?"

ఎంత హాయిగా ఉందో ఆ మాట. అర్థం కాలేదు అనదు, సర్ అనదు. ఆ పిల్లది నిజంగా దంతాలపల్లో, మా భాష నేర్చుకొని ఎక్కడో కూర్చుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేనడక్కుండానే అన్న కాబట్టి అరవైని యాభై చేస్తానంది. దిగేలోపు మళ్లీ ఫోన్ చేసి, ఇయ్యాలనే కడితే నలభై ఐదు అంది. అనుమతి ఉందా అని అడిగాను. అడగడమైతే అడిగాను. వెంటనే వాట్సాప్‌లో అనుమతి ఉన్న యూనివర్సిటీల జాబితా పంపింది. ఎన్నో పేజీలు. వేలితో జరుపుకుంటూ పోయి ఆ యూనివర్సిటీ పేరు పట్టుకున్నాను. ఉంది. నా భార్య కిటికీ పక్కన కూర్చొని, చూసినవా అని అడిగింది.

"చూసిన. పేరున్నది," అన్నాను.

అంతే. ఆమె మళ్లీ అడగలేదు.

ఇంటికి పోయి బాపుతో బేరం సంగతి గొప్పగా చెప్పాను. బాపుకు ఎంబీఏ అంటే ఏమిటో తెలియదు, ధర అంటే తెలుసు. అన్నం కలుపుతూ ఆగి, నువ్వు అడగకముందే దించిందా అన్నాడు. అవునన్నాను.

"అడగకుంటనే ధర దిగుతున్నదంటే బస్తా అడుగున చెయ్యి వెట్టి చూడాలె కొడుకా," అన్నాడు.

చదువు, మిర్చి ఒకటేనా బాపూ అని నవ్వాను. బాపు నవ్వలేదు. నా భార్య నా మొహం వైపు చూసింది. నేను పెరుగు వేసుకున్నాను. ఆ సాయంత్రం డబ్బు కట్టేశాం.

ఆమె చదవడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపమని నాకు చెప్పేది, అలారం మోగితే ఆపి పడుకుంటుందట. నేను లేపి చాయ్ పెట్టి ఇచ్చేవాణ్ణి. వంటింటి పక్కన చిన్న బల్ల మీద ఆరున్నర దాకా చదివి, తర్వాత వంట చేసుకొని ఆఫీసుకు పోయేది. ఆ తెల్లవారుజాములు మా సంసారంలో మంచి రోజులని అప్పుడు అనుకునేవాణ్ణి.

రెండు నెలలు కాకముందే ఏదో తేడా కొట్టింది. పాఠాలన్నీ ఎప్పుడో తీసిన వీడియోలు. చెప్పే మనిషి పేరుండదు. ఆమె అనుమానాలు రాసి పంపితే ఒక్కదానికీ జవాబు రాలేదు. ఒకరోజు ఆ పాఠాలు తెరిచే చోటే మారిపోయింది, కొత్త లింకు ఎవరో తెలియని నంబరు నుంచి వచ్చింది. మొదటి సెమిస్టరు పరీక్షకు కెమెరా లేదు, కావలి లేదు. ఆమె మాత్రం తలుపు దగ్గరికి వేసుకొని, పుస్తకాలు మంచం కింద పెట్టి, మూడు గంటలు వంచిన తల ఎత్తకుండా రాసింది. నన్ను టీవీ పెట్టొద్దంది. ఫలితాలు వచ్చాక వాళ్ల గ్రూపులో ఒకడు, పరీక్ష రోజు తాను బావమరిది పెళ్లిలో ఉన్నాననీ తనకూ అవే మార్కులు వచ్చాయనీ రాశాడు. ఆమె ఫోన్ నా ముందు పెట్టింది.

వానికి సుడి ఉన్నది, నీకు చదువున్నది, పరేషాన్ ఎందుకు అన్నాను. ఫోన్ తీసుకుంది. ఆఫీసులో పరాయివాళ్ల కాగితం మీద చిన్న మరక ఉన్నా వదలని మనిషి, ఇంట్లో నా మాట మీద వదిలేసింది.

రెండు సెమిస్టర్లు అయ్యాయి. మరుసటి మృగశిర కార్తెకు దుకాణం రద్దీగా ఉన్నప్పుడు మొగుళ్లపల్లి దగ్గరి రైతు ఒకాయన పత్తి విత్తనాలకు వచ్చాడు. మా పాత ఖాతాదారు, జాగ్రత్త మనిషి. బేరం అయ్యాక, మీ ఇంట్ల అమ్మ చదువుతున్న చదువులోనే మా బిడ్డను కూడా వేద్దామనుకుంటున్నాను సేటు, మంచిదేనా అన్నాడు. మంచిదే, అనుమతి ఉన్న యూనివర్సిటీ అని ఫోనులో ఆ జాబితా తీసి చూపించాను. ఆయన కళ్లు చికిలించి నేను చూసినట్టు పేరు వెతకలేదు. ముందుగా కాగితం నెత్తి మీద చూశాడు, విత్తనాల ప్యాకెట్ చూసినట్టే. నేను నేర్పిందే కదా.

"గిది ఏ యేటిది సేటు?" అన్నాడు.

నేను చూశాను. మొదటిసారి చూశాను. ఆమె చేరిన సంవత్సరానిది కాదు, అంతకు ముందు ఏటిది. అనుమతి ఏ ఏటికి ఆ ఏడే ఇస్తారని ఆ కాగితంలోనే కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. సారు చెప్పినట్టు ఢిల్లీ వాళ్ల వెబ్‌సైటు తెరిచి, ఆమె చేరిన ఏటి జాబితా వెతికాను. మొదటి నుంచి చివరి దాకా, మళ్లీ చివరి నుంచి మొదటికి. ఆ యూనివర్సిటీ పేరు లేదు. దంతాలపల్లి చెల్లెకు ఫోన్ చేశాను. ఆ నంబరు ప్రస్తుతం ఉపయోగంలో లేదు అని వినపడింది.

రైతు అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. వద్దు కాకా, బిడ్డను దీంట్ల వెయ్యకు, పైసలు ఎక్కువైనా ఇంకోటి చూడు అన్నాను. ఆయన దండం పెట్టి విత్తనాల సంచి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. పరాయి ఆడపిల్లను కాపాడడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేదాకా చెప్పేద్దామనే అనుకున్నాను. ఆమె గుమ్మంలోనే ఎదురొచ్చి, రెండో సెమిస్టరు ఫలితాలు వచ్చాయనీ వాళ్ల మేనేజరు అందరి ముందు మెచ్చుకున్నాడనీ చెప్పింది. మక్క కంకులు కాల్చి పెట్టింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చొని తిన్నాను. రేపు చెబుతాననుకున్నాను. ఆ రేపు నలభై రోజులు సాగింది. తర్వాత నాకు నేనే వాదించుకున్నాను. అనుమతి వెనక నుంచి రావచ్చు. పట్టా చేతికి వస్తే ఎవరు అంత లోతుకు పోయి చూస్తారు? నిజంగా అలా అనుకున్నాను, అలా లోతుకు పోయి చూడడమే ఉద్యోగంగా ఉన్న మనిషి పక్కన పడుకొని. అసలు కారణం వేరు. చూసిన అని చెప్పి చూడలేదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఆమె ఇంకో దాంట్లో చేరేది, గడువుకు సగం అయ్యేది, మేనేజరు ఆగేవాడు. ఈ లెక్క నాకు ఆనాడే తెలుసు.

మూడో సెమిస్టరు మొదలైంది. నాలుగున్నరకు లేపు అంది. లేపాను.

ఆ ఏడాది నాకు ఇంట్లో ప్రతిదీ భయమే. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే ఉలిక్కిపడేవాణ్ణి. ఆమె ఆఫీసులో దొరికిన దొంగ సర్టిఫికెట్ల కథ చెబితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. బాపు ఫోన్ చేసినప్పుడల్లా కోడలు చదువు ఎట్ల నడుస్తున్నదని అడిగేవాడు, బాగుందని చెప్పి మిర్చి ధరలోకి మళ్లించేవాణ్ణి. ఒకసారి ఆమె పుస్తకం మూసి, పాసైనంక మా సారుకు మొదాలు చూపియ్యాలె అంది. నేను చాయ్ గ్లాసు తీసుకొని వంటింట్లోకి పోయి, నల్లా తిప్పి, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను.

నాలుగు సెమిస్టర్లూ అయిపోయాయి. పట్టా వచ్చింది. మెరిసే కాగితం, బంగారు రంగు ముద్ర. ఆమె అలవాటుగా దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ముద్రలో తప్పేమీ లేదు, అది నిజమైన యూనివర్సిటీయే. బాపు మహబూబాబాద్ నుంచి మిఠాయి పట్టుకొని వచ్చాడు. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను.

పోస్టుకు దరఖాస్తు పెట్టింది. తన సర్టిఫికెట్ తానే చూసుకోకూడదు కాబట్టి హైదరాబాద్ ఆఫీసు వాళ్లు చూశారు. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆమె చేరిన ఏడాదికి ఆ యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో ఎంబీఏ చెప్పే అనుమతి లేదు, ఈ పట్టాను లెక్కలోకి తీసుకోలేము అని రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు ఆమె ఎంతమందికి రాసి ఉంటుందో. పోస్టు వేరేవాళ్లకు పోయింది. కొత్త కాంట్రాక్టు మొదలైన రోజుతో ఆమె ఉద్యోగం ఆఖరైంది. మేనేజరు కిందిదాకా వచ్చి సాగనంపాడట.

ఇంటికొచ్చి ఆ ఉత్తరం నాకిచ్చింది. నేను చదివినట్టు నటించాను. పాత జాబితా తీసి ఆమెకు చూపించి, ఇది ఏ ఏడాదిదో చూసుకోలేదు, పొరపాటైంది అన్నాను. ఎప్పుడు తెలిసిందో చెప్పలేదు. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చుంది.

"అందరియి నేనే చూసిన. నాదొక్కటి నువ్వు చూసినవని ఊకున్న," అంది. ఆ తర్వాత తానే నా చెయ్యి పట్టుకుని, పొరపాటు ఎవరికైనా అయితది, నీ మీద కోపం లేదు అంది.

ఆ చెయ్యి అంత బరువు ఎప్పుడూ అనిపించలేదు. అప్పుడైనా చెప్పలేదు.

ఇంట్లో ఉంటే తోచడం లేదని ఆమె దుకాణానికి రావడం మొదలుపెట్టింది. గల్లా దగ్గర ఆ అట్ట కిందే కూర్చునేది. పనిమంతురాలు, పది రోజుల్లో నాకంటే బాగా సర్దింది. ఒక మధ్యాహ్నం మొగుళ్లపల్లి రైతు పురుగుమందుకు వచ్చాడు. నేను లోపల బస్తాలు జరుపుతున్నాను. ఆయన గొంతు గుర్తుపట్టి బయటికి వచ్చేసరికే మాట దాటిపోయింది. తన బిడ్డ వేరే యూనివర్సిటీలో ఎంబీఏ చేస్తోందనీ, హన్మకొండలో ఉద్యోగం కూడా దొరికిందనీ చెబుతున్నాడు.

"సేటు వద్దనవట్టి మా బిడ్డ బతికిపోయిందమ్మా. లేకుంటే నేను గా దాంట్లనే వేద్దును."

"ఎప్పుడు చెప్పిండు కాకా?" అంది నా భార్య.

"నిరుడు, మిరుగు కార్తెల. పత్తి గింజలకు వచ్చిన్నాడు."

ఆమె నా వైపు చూడలేదు. ఆయన అడిగిన మందు డబ్బా అరలోంచి తీసి, వెనక్కి తిప్పి, గడువు తేదీ చూసి ఆయన చేతిలో పెట్టింది. చిల్లర ఇచ్చింది. బిడ్డను అడిగినట్టు చెప్పుమంది. ఆయన బండి చప్పుడు దూరమయ్యేదాకా గల్లా మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. మూడో సెమిస్టరు, నాలుగో సెమిస్టరు లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"తప్పు చూసినవు, సరే," అంది. "తెలిసినంక, రోజూ పొద్దుగాల నన్ను ఎట్ల లేపినవు?"